మా సిస్టరమ్మకే ఫస్టు రావాల

చదివేవారికి ముందుగా ఒక మనవి. మా ఆయన పోయిన తరువాతనే నేను అక్షరాలు దిద్దాను. ఇప్పటికీ ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఆగి ఆలోచించుకుంటాను. ఒక కాగితం నిండాలంటే నాకు ఒక పూట పడుతుంది. తప్పులు కనబడితే మీరే దిద్దుకుని చదవండి. నెమ్మదిగా నడుస్తోందనిపిస్తే కొంచెం ఓర్చుకోండి. ఇది కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క వీధిలో జరిగిన కథ. అప్పటికి స్టీలు ప్లాంటు మట్టిపనులు జోరుగా సాగుతున్నాయి.

సోమవారం పొద్దున గంగాలమ్మ అరుగు మీద గోనెసంచుల కట్ట విప్పింది. పోర్టు గోడౌన్ల నుంచి వచ్చిన సంచులు అవి. కలాసీలు కొక్కెం వేసి లాగినప్పుడు చిరిగినవాటిని దబ్బనంతో, పురికొసతో కుట్టి తిరిగి పంపాలి. ఆమె మొగుడు దాలయ్య కూడా పోర్టులో కలాసీయే. ఆయన చింపుతాడు, నాను కుడతాను అని ఆమె నవ్వుతూ చెప్పుకునేది. ఆ పొద్దున మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. ఎదురింటి అరుగు మీద చిట్టెమ్మ చీపురు పట్టుకుని నిలబడి, వీధంతా వినబడేలా మాట్లాడుతోంది.

"శుక్రవారం పెద్ద మేడమొత్తాదట వదినా, మార్కులెయ్యడానికి. మా ప్రేమలీల సిస్టరమ్మ సెప్పింది. మొదట మా ఇంటికేనట."

"రానీ. ఎవులొద్దన్నారు," అంది గంగాలమ్మ, సంచి దులుపుతూ.

"మీ కృపావతి సిస్టరమ్మ నీకు సెప్పనేదేటి?"

"సెప్పకేం. ఎప్పుడో సెప్పింది."

కృపావతి చెప్పలేదు. గంగాలమ్మ సంచిని ఇంకోసారి గట్టిగా దులిపింది.

రెండు నెలలుగా ఆ వీధికి నర్సింగు స్కూలు పిల్లలు వస్తున్నారు. ఒక్కో పిల్లకు ఒక్కో ఇల్లు అప్పజెప్పారు. ఆ ఇంట్లో వాళ్ళ తిండి, నీళ్ళు, జబ్బులు, అలవాట్లు అన్నీ అడిగి తెలుసుకోవాలి. చేయగలిగిన మంచి చేయాలి. చివరికి అదంతా కేస్ స్టడీ అని రాసి ఇవ్వాలి. రాసింది నిజమో కాదో, ఇంటికి మేలు జరిగిందో లేదో పెద్ద మేడం వచ్చి కళ్ళతో చూసి మార్కులు వేస్తుంది. ఆ వీధి ఆడవాళ్ళకు అప్పటిదాకా కేసు అంటే పోలీసు కేసే. ఇప్పుడు కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని, "మేం ఫలానా సిస్టరమ్మ కేసులం" అని గొప్పగా చెప్పుకుంటున్నారు.

అందులో చిట్టెమ్మ గొప్పకు అంతులేదు. ఆమె ఇల్లు మొదట్లో ఎలా ఉండేదో గంగాలమ్మకు తెలుసు. నీళ్ళకుండకు మూత ఉండేది కాదు. తూముదగ్గర మురుగు గుంటకట్టి ఉండేది. చంటాడు పుల్లలాగుండేవాడు. మొగుడు జగ్గయ్య స్టీలు ప్లాంటు మట్టిపని లారీ దిగితే సారా కొట్టు దాటి వచ్చేవాడు కాదు. ప్రేమలీల అన్నింట్లోనూ చెయ్యి పెట్టింది. తూముకింద గొయ్యి తీయించి రాళ్ళు నింపించింది. చంటాడికి పెసలు, గోధుమలు వేయించి జావ కాచడం నేర్పింది. జగ్గయ్యకు ఎదురుగా కూర్చుని గట్టిగా నాలుగు మాటలు చెప్పింది. రంగురంగుల బొమ్మలు గీసి గోడకు అంటించింది. ఇప్పుడు చంటాడి బుగ్గలు చూసి వెళ్ళడానికి పక్కవీధి నుంచి కూడా వస్తున్నారు.

గంగాలమ్మ ఇంట్లో కుండకు మూత మొదటినుంచీ ఉంది. పోర్టుకు ఇనుపఖనిజం మోసే రైలుబళ్ళు పోయినప్పుడల్లా వచ్చిపడే ఎర్రదుమ్మును ఆమె పూటకు రెండుసార్లు తుడుస్తుంది. దాలయ్య తాగడు. కూతురు పెళ్ళయి పరవాడలో కాపురం చేసుకుంటోంది. కృపావతి మొదటి రోజు వచ్చి ఇల్లంతా చూసి, "అమ్మా, మీ ఇల్లు అద్దంలాగుంది" అంది. ఆ మాటకు గంగాలమ్మ వారం రోజులు మురిసిపోయింది. ఆ మురిపెం ఎంత చేటో ఇప్పుడు అర్థమవుతోంది. మురికి ఇంటికి పేరొచ్చింది. శుభ్రమైన ఇంటికి ఏమీ రాలేదు.

మంగళవారం కృపావతి వచ్చింది. భీమునిపట్నం పిల్ల. నీలం అంచు తెల్లచీర, మెడలో చిన్న సిలువ, చేతిలో సంచి. ఎప్పటిలాగే పీట వాల్చుకుని గంగాలమ్మ ఎడంపక్కన కూర్చుంది. కలం మూత తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం.

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉందమ్మా. శుక్రవారం విజయరత్నం మేడం వస్తారు."

"తెలుసు. ఎదురింటామె దండోరా ఏసింది. నువ్వే సెప్పలేదు."

కృపావతి తలదించుకుంది. "ఏం చెప్పను. అందరివీ చేంతాడంత కేసులు. నాది మూడు పేజీలకి ఆగిపోయింది. మేడం మార్పు చూస్తారమ్మా. మేము రాకముందు ఎలాగుంది, వచ్చాక ఏం మారింది అని. మీ ఇంట్లో నేను మార్చింది ఏముంది? గోళ్ళు తీసుకోమని చెబుదామంటే అవీ తీసే ఉన్నాయి."

"మార్కులు తగ్గితే ఏటవుద్ది?"

"మరీ తగ్గితే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి. మా బ్యాచి పిల్లలు వార్డులకి వెళ్ళిపోతారు. నేనొక్కదాన్నీ వెనకబడి ఉండాలి." ఆ పిల్ల కలం మూత మళ్ళీ బిగించింది. "మా నాన్నకి ఇప్పటికే ఫస్టు వస్తుందని రాసేశాను."

గంగాలమ్మ సంచిమీదికి వంగింది. కుడిచేత్తో దబ్బనం దూర్చి, ఎడమ చేతి చిటికెన వేలు అడ్డుపెట్టి లాగడం ఆమె అలవాటు. ఆ లాగుడులో మొన వేలిలో దిగింది. ఆమె చూడలేదు. రక్తం పురికొసకు అంటితే కృపావతే చూసి చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, గుచ్చుకుందమ్మా."

"ఓస్, ఇదేటి," అని గంగాలమ్మ నవ్వి, వేలు చీర కుచ్చిళ్ళకు తుడిచి, మళ్ళీ దబ్బనం అందుకుంది.

"ఎంత ఓర్పమ్మా మీకు," అంది కృపావతి.

ఓర్పు కాదని గంగాలమ్మకు తెలుసు. ఆ వేలికీ, పక్క వేలికీ రెండేళ్ళుగా స్పర్శ లేదు. మోచేతికి పైన, రూపాయి బిళ్ళకంటె పెద్దదిగా తెల్లబారిన మచ్చ ఒకటుంది. అక్కడ నిప్పు పెట్టినా తెలియదు. అది పుట్టిన దగ్గరినుంచి ఆమె మోచెయ్యి దాటే పొడుగు చేతుల రవికలే కుట్టించుకుంటోంది. దాలయ్యకు తెలుసు. అతను ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆమె ఎత్తనివ్వలేదు. పెద్దరోగం అనే మాట ఒకసారి ఇంట్లో పలికితే గోడలకు పట్టుకుంటుందని ఆమె భయం. కుళాయి దగ్గర బిందెలు పక్కకు జరుపుతారు. గోడౌను మేస్త్రీ సంచులు పంపడు. పరవాడలో వియ్యాలవారి చెవిన పడితే పిల్ల కాపురం ఏమవుతుందో.

ఎదురింట్లో ఒక్కసారి గొల్లున నవ్వారు. ప్రేమలీల దూలానికి తక్కెడ తగిలించి చంటాడిని గుడ్డ ఉయ్యాలలో తూస్తోంది. వాడు కాళ్ళు కొడుతున్నాడు.

"కృపా, రావే. ముల్లు చూసి చెప్పు, వీడు నిలవట్లేదు," అని పిలిచింది ప్రేమలీల.

కృపావతి ముఖం విచ్చుకుంది. సంచి అక్కడే వదిలి వీధి దాటి పరుగెత్తింది. కాసేపటికి ఆ ఇంట్లోంచి ఆమె నవ్వు కూడా వినిపించింది. గంగాలమ్మ ఇంట్లో ఆ పిల్ల అలా ఎప్పుడూ నవ్వలేదు. గంగాలమ్మ పురికొసను పళ్ళతో కొరికి తెంపింది. ఎంత గట్టిగా కొరికిందంటే నోట్లోకి నారపీచులు వచ్చాయి.

బుధవారం ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది. దాలయ్య పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చోగానే ఎదురుగా చతికిలబడింది.

"మావా, ఓ మాట ఇంటావా?"

"సెప్పు."

"రేపూ ఎల్లుండీ కాస్త తాగు."

దాలయ్య ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "ఏటి?"

"తాగి రా. శుక్రవారం పొద్దుటికి అరుగుమీద పడుంటే సాలు. మేడమొత్తాది. మా సిస్టరమ్మ నీకు బుద్ధి సెప్పినట్టు సెప్తాది. నువ్వు మానేత్తానని ఒట్టెయ్యి. అంతే."

"నీకేటి మతిపోయిందే? నానెప్పుడు తాగినాను? సుక్కపడితే కడుపులో మంట నాకు."

"జగ్గయ్య తాగలేదేటి? ఆడు మానీసినాడని ఊరంతా సెప్పుకుంటన్నారు. తాగనోడివి నిన్నెవులు సెప్పుకున్నారు?"

దాలయ్య భుజాలు కదిలేలా నవ్వాడు. "ఇరవయ్యేళ్ళు తాగకుండా ఉన్నందుకు ఇదా నాకు బహుమానం? ఎల్లవే, మజ్జిగొయ్యి."

అతను నవ్వేకొద్దీ ఆమెకు ఉక్రోషం వచ్చింది. గురువారం పొద్దున కుండ మీద మూత తీసి పక్కన పెట్టేసింది. తుడవకుండా దుమ్మును అలాగే ఉండనిచ్చింది. గడప పక్కన బియ్యం కడిగిన నీళ్ళు పారబోసింది. పీటవేసుకుని కూర్చుని ఆ మురికిని చూస్తూ కుట్టుకోవాలనుకుంది. నాలుగు చిరుగులు కుట్టేలోపు రెండు ఈగలు వచ్చి కుండ అంచున వాలాయి. ఆమె వల్ల కాలేదు. లేచి ఆ కుండ నీళ్ళు పారబోసి, చింతపండుతో తోమి, మంచినీళ్ళు పట్టి, మూతపెట్టి, ఇల్లంతా అలికింది. అలుకుతున్నంతసేపూ చిట్టెమ్మను తిడుతూనే ఉంది.

శుక్రవారం విజయరత్నం మేడం వచ్చింది. పెద్దావిడ. నెరిసిన జుట్టు ముడివేసుకుని, నల్ల గొడుగు పట్టుకుని, చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తోంది. వెనక తెల్లచీరల పిల్లలు. ఆ వెనక వీధి ఆడవాళ్ళు. మొదట చిట్టెమ్మ ఇంటికే వెళ్ళారు. గంగాలమ్మ తన గడపలో నిలబడి అంతా చూసింది. మేడం గోతిలో రాళ్ళు చూసింది. జావ డబ్బా మూత తీసి వాసన చూసింది. చంటాడిని చంకనెత్తుకుని కనురెప్ప కిందికి లాగి చూసింది. జగ్గయ్య తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బడికొచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

"మళ్ళీ తాగవు కదా?" అంది మేడం.

"లేదండి. ఈ సిస్టరమ్మ మాటకి బెదిరిపోనానండి," అన్నాడు. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి ప్రేమలీల భుజం తట్టింది. ఆ తట్టుడు గంగాలమ్మ గుండె మీద పడినట్టయింది.

తరువాత మేడం వీధి దాటి వచ్చింది. కృపావతి ముందు నడిచి చాప పరిచింది. మేడం కూర్చోలేదు. కుండ చూసింది, పొయ్యి చూసింది, పెరడు చూసి వచ్చింది. గోడమీద వేలు రాసి, ఆ వేలు చూసుకుంది.

"ఈ ఇల్లు మొదటినుంచీ ఇలాగే ఉందా?"

కృపావతి అబద్ధమాడలేని పిల్ల. "అవును మేడం."

"జబ్బులు?"

"ఏమీ లేవు మేడం."

"మరి రెండు నెలలు నువ్వు చేసిందేమిటమ్మా?"

కృపావతి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మేడం ఆ పిల్ల రాసిన మూడు పేజీలు తిరగేసి, కలం తీసింది.

గడప అవతలి నుంచి చిట్టెమ్మ అందుకుంది. "మా వదిన ఇంట్లో ఏ లోపమూ లేదండి. పాపం, ఆ సిస్టరమ్మకే పనిలేకుండా పోనాది."

జాలిగానే అంది. కానీ వెనక ఆడవాళ్ళు నవ్వారు. చిట్టెమ్మ చంకలో చంటాడు బుగ్గలేసుకుని ఉన్నాడు. వాడి తలమీద ప్రేమలీల చెయ్యి ఉంది. ఇటుపక్క కృపావతి కళ్ళలో నీళ్ళు నిండుతున్నాయి. గంగాలమ్మకు కళ్ళముందు ఇంకేమీ కనిపించలేదు. కుళాయి గానీ, గోడౌను గానీ, పరవాడ గానీ గుర్తుకు రాలేదు.

"ఉంది," అంది.

మేడం కలం ఆపింది.

గంగాలమ్మ ఎడమ చేతి రవిక చెయ్యి పట్టుకుని పైకి లాగింది. బిగువుగా ఉండి రాలేదు. రెండోసారి లాగితే కుట్టు పర్రుమంది. ఆ చెయ్యి మేడం ముఖం ముందు పెట్టి, తల మాత్రం చిట్టెమ్మ వైపు తిప్పింది.

"మా ఇంట్లోనూ ఉంది. రెండేళ్ళనుంచీ ఉంది. మీ ప్రేమలీల సిస్టరమ్మ కేసులో ఇలాటిదుందేటి?"

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో "ఓలమ్మ" అన్నారు సన్నగా. నలుగురు వెనక్కి జరిగారు. విజయరత్నం మేడం మాత్రం ముందుకు జరిగి, గొడుగు కృపావతికి ఇచ్చి, గంగాలమ్మ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వెలుతురు వైపు తిప్పింది. సంచిలోంచి దూది తీసి మొన చేసింది.

"కళ్ళు మూసుకో అమ్మా. నేనెక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించు."

గంగాలమ్మ కళ్ళు మూసుకుంది. భుజం మీద తాకినప్పుడు చూపించింది. మణికట్టు దగ్గర చూపించింది. తరువాత చాలాసేపు ఏమీ తాకలేదు. ఎందుకు ఆగారా అని ఆమె ఎదురుచూసింది. కళ్ళు తెరిచేసరికి దూది మొన మచ్చ మధ్యలో ఆనించే ఉంది.

మేడం మోచేతి వెనక ఎముక పక్కన వేళ్ళతో నొక్కి చూసింది. చిటికెన వేలిని ఎత్తి, దాని మీద ఉన్న గాట్లన్నీ చూసింది. పాతవి, కొత్తవి.

"ఇవేమిటి?"

"దబ్బనం గాట్లండి."

"నొప్పి తెలియదా?"

"తెలీదండి."

మేడం కృపావతి వైపు తిరిగింది. "నువ్వు ఈవిడ పక్కన ఎటువైపు కూర్చునేదానివి?"

"ఎడం పక్కన మేడం."

"ఈ వేలు ఎప్పుడూ చూడలేదా?"

"చూశాను మేడం. గుచ్చుకుంటే నవ్వేవారు. ఓర్పు అనుకున్నాను."

"నానే దాసినానమ్మా," అంది గంగాలమ్మ గాభరాగా. "ఆ పిల్లకేటి తెలుస్తాది. నాను సూపించలేదు. ఇప్పుడు సూపించినాను కదా. రాసుకోండి. ఇదీ రాసుకుంటే ఆమెదే పెద్ద కేసవుతాది కదండి."

మేడం ఆమె చెయ్యి వదలలేదు. గొంతు కూడా పెంచలేదు. "నువ్వు చూపించావు. ఆ పిల్ల కనుక్కోలేదు. చూపించింది రాయడానికి నర్సు ఎందుకమ్మా? రెండు నెలలు ముందు కనుక్కుంటే రెండు నెలల మందు లోపలికి వెళ్ళేది." కృపావతికి కాగితాలు తిరిగి ఇచ్చేసింది. మార్కులు వేయలేదు.

తరువాత ఆవిడ వాకిట్లో ఉన్నవాళ్ళకు చెప్పింది. కుష్టు ముట్టుకుంటే వచ్చేది కాదని, మాత్రలు వేసుకుంటే తగ్గుతుందని, ఆలస్యం చేస్తేనే వేళ్ళు వంకర పోతాయని. చెబుతున్నంతసేపూ గంగాలమ్మ చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. ఆడవాళ్ళు ఆవిడ మాటలకంటే ఆ చేతినే చూశారు. గంగాలమ్మ మాత్రం కృపావతినే చూసింది. ఆ పిల్ల గొడుగు పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, వీధి చివర దాకా వెళ్ళిపోయింది.

శనివారం కుళాయి దగ్గర గంగాలమ్మ బిందె పెట్టగానే ఇద్దరు తమ బిందెలు తీసుకున్నారు. ఆమె నీళ్ళు పట్టుకుని వచ్చేసింది. గోడౌను మేస్త్రీ సంచుల కట్ట పంపలేదు. దాలయ్య వెళ్ళి అడిగితే, ముందు డాక్టరు చీటీ తెమ్మన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఖాళీ అరుగు మీద కూర్చుంటే దాలయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొత్తానికి బయటెట్టీసినావు," అన్నాడు. "నాను ఎన్నిసార్లు అందామనుకున్నానో. నువ్వు నోరు తెరవనిచ్చేదానివి కాదు."

"పరవాడ వాళ్ళకి తెలిస్తేనో?"

"నానే ఎల్లి సెప్తాను. ఆ మేడం సెప్పినట్టే సెప్తాను. నువ్వు మందేసుకో."

ఆమెకు ఆ మాట సగమే వినిపించింది. ఎదురింటికి ప్రేమలీల వచ్చింది. ఫస్టు వచ్చిందట. సోమవారం నుంచి వార్డులో డ్యూటీ, ఇక ఇటు రావడం కుదరదట. చంటాడికి బెల్లం ఉండ ఇచ్చి, చిట్టెమ్మ చేతులు పట్టుకుని ఏదో చెప్పింది. వెళ్ళేటప్పుడు గంగాలమ్మ అరుగు దగ్గర ఆగింది.

"కృపావతి ఏదమ్మా?" అంది గంగాలమ్మ.

"అది మళ్ళీ మొదటినుంచి చెయ్యాలండి. వేరే ఇల్లు చూసుకోవచ్చన్నారు మేడం. జ్ఞానాపురంలో ఒక ఇల్లు చూసుకుంది. ఎవరో రోజమ్మగారట." ప్రేమలీల, "మీరు మాత్రం క్లినిక్కుకి వెళ్ళండమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం, సోమవారం గంగాలమ్మకు అన్నం సయించలేదు. చేతి మచ్చ గురించి కాదు. ఎప్పుడూ చూడని జ్ఞానాపురం రోజమ్మ కళ్ళముందు కనబడుతోంది. ఆమె ఇంట్లో పీట, ఆ పీట మీద కృపావతి. ఆ రోజమ్మ ఒళ్ళంతా జబ్బులు పెట్టుకుని, ఒక్కొక్కటీ చూపిస్తూ ఉంటుంది. ఆ పిల్ల కలం ఆపకుండా రాస్తూ ఉంటుంది. "దానికేటి రోగముందో," అంది గంగాలమ్మ పైకి, ఒంటరిగా. తరువాత ఆ మాటకు తనే సిగ్గుపడి పొయ్యి ముందు నుంచి లేచింది.

మంగళవారం ఆమె గడపకు వీపు పెట్టి కూర్చుని ఉండగా చెప్పుల చప్పుడైంది. కృపావతి లోపలికి వచ్చింది. నమస్కారం లేదు, నవ్వు లేదు. పీట తనే వాల్చుకుని ఈసారి ఎదురుగా కూర్చుంది.

"జ్ఞానాపురం ఎల్లలేదేటి?" అంది గంగాలమ్మ.

"వెళ్ళాను."

"మరి?"

"ఆవిడ మంచావిడ. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. నాకే ఆవిడ మాట ఒక్కటీ నమ్మాలనిపించలేదు. అంతా మీవల్లే." కృపావతి పీట ఇంకా దగ్గరికి జరుపుకుంది. "రెండు నెలలు నాకు అన్నం పెట్టారు, మా నాన్న గురించి అడిగారు, నా జడ వేశారు. ఈ ఒక్కటీ చెప్పలేదు. నేను నర్సునని ఎందుకనుకోలేదమ్మా మీరు?"

గంగాలమ్మ నిజంగానే ఆ పిల్లను నర్సు అనుకోలేదు. తనదనుకుంది, అంతే.

"మేడంకి చెప్పి ఈ ఇల్లే మళ్ళీ తీసుకున్నాను. మొదటినుంచి చేస్తాను. రేపు క్లినిక్కుకి నాతో వస్తున్నారు. ఈసారి ఏదైనా దాచితే ఊరుకోను."

"ఏటీ లేదమ్మా ఇంక."

"మీరు చెబితే సరిపోదు. గాజులు తియ్యండి."

గంగాలమ్మ గాజులు తీసింది. కృపావతి చేతులు, మెడ, చెవి తమ్మెలు, వీపు అంతా వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. దూది మొనతో తాకుతూ, తెలిసిందా అంటూ. మంచిమాట లేదు. ఆ వేళ్ళు మెత్తగా కూడా లేవు. బజారులో వంకాయల్ని తిప్పి చూసినట్టు చూస్తోంది. గంగాలమ్మకు మాత్రం ఆ రెండు నెలల్లో ఎన్నడూ లేనంత హాయిగా ఉంది. చెప్పినట్టల్లా తిరిగింది, వంగింది, కుడికాలు చాపింది. బయట ఖనిజం బండి పోతోంది. ఎర్రదుమ్ము గడప మీద పడుతున్నా తుడవబుద్ధి కాలేదు.

గడపలో నీడపడింది. చిట్టెమ్మ. చంకలో చంటాడు. శుక్రవారం తరువాత ఆమె ఈ గడప తొక్కడం ఇదే మొదలు. గాజులు లేని గంగాలమ్మ చేతులవైపు, ఆమె కాలు పట్టుకున్న కృపావతివైపు చూసింది.

"మీ సిస్టరమ్మ మళ్ళీ వత్తాదన్నమాట," అంది.

"ఆఁ. మొదటినుంచి సెయ్యాలట. రెండు నెల్లు."

"మా పిల్ల ఇంక రాదు." చిట్టెమ్మ చంటాడిని ఆ చంకనుంచి ఈ చంకకు మార్చింది. "ఫస్టొచ్చింది కదా. ఇంక మాతో పనేటి." ఉన్నట్టుండి లోపలికి వచ్చి, చంటాడిని గంగాలమ్మ ఒడిలో పడేసింది. కుడిచెయ్యి కృపావతి ముందుకు చాపింది. "సిస్టరమ్మా, నాకూ ఇక్కడేదో మచ్చలాగుందమ్మా. ఓపాలి సూత్తావేటి?"

కృపావతి గంగాలమ్మ కాలు వదిలేసి, ఆ చెయ్యి వెలుతురుకు తిప్పింది. "కళ్ళు మూసుకోండి." దూదితో తాకింది. "తెలిసిందా?"

"ఊహూఁ," అంది చిట్టెమ్మ ఆశగా. "అస్సలు తెలీలేదమ్మా."

కృపావతి దూది పక్కన పెట్టి, అక్కడే చటుక్కున గిల్లింది. చిట్టెమ్మ ఎగిరిపడి చెయ్యి లాక్కుంది.

"తామర," అంది కృపావతి. "మందిస్తాను, రాసుకోండి." అని, వచ్చిన తరువాత మొదటిసారిగా నవ్వింది. చిట్టెమ్మ ముఖం చూస్తూ, ఆపుకోలేక, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. చిట్టెమ్మ కూడా మోచెయ్యి రుద్దుకుంటూ నవ్వేసింది. ఇద్దరూ నవ్వుతూనే వెలుతురు దగ్గర మళ్ళీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

గంగాలమ్మ చంటాడిని తీసి చిట్టెమ్మ చంకలో పెట్టింది. మళ్ళీ తన చోట కూర్చుని, చీర మోకాలిదాకా లాగి, కాలు ఆ ఇద్దరి మధ్యకు చాపింది.

"ఇంకా ఎడం కాలు సూడలేదు నువ్వు," అంది.

ఆరోగ్యమ్మ, వయసు అరవై రెండు. ప్రస్తుతం ఉంటున్నది భీమునిపట్నం.